నాన్న భుజం మీద నీళ్ళు

మా పై వాటాలో ఉండే టీచరుగారికి రిటైరైన దగ్గర్నుంచి కాలు ఒకచోట నిలవదు. పోయిన నెల ఎవరో యాత్రలవాళ్ళతో కలిసి బర్మా చూసి వచ్చింది. వస్తూ వస్తూ వాటాల్లో ఆడవాళ్ళందరికీ తలో చిన్న డబ్బా తెచ్చి పంచింది. "మొహానికి రాసుకోండి, మచ్చలు పోతాయి" అంది. అరవై అయిదు దాటిన మొహంలో మచ్చలు పోతే ఇప్పుడు నాకు ఒరిగేదేమిటని నవ్వుతూనే తీసుకున్నాను. ఇంట్లోకి వచ్చి మూత తీశాను. లేత పసుపురంగు పొడి. గంధంలా ఉంది కానీ గంధం కాదు. తడిసిన చెట్టుబెరడు వాసన, దానికింద ఎక్కడో సన్నటి తీపి. మూత పెట్టకుండానే మంచం మీద కూర్చున్నాను. అది మా పిన్ని చెంపల వాసన.

ఈ సంగతి నేను మా అమ్మకి చెప్పలేదు. కట్టుకున్నవాడికీ చెప్పలేదు. చెప్పుకోదగ్గది అయితే కదా చెప్పడానికి. విని నన్ను లెంపకాయ కొట్టాల్సిన పెద్దవాళ్ళంతా ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఇక మిగిలింది నా చెయ్యే కాబట్టి రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. నా పేరు రాయడానికి సిగ్గు, వాళ్ళ పేర్లు రాయడానికి నాకు హక్కు లేదు.

మా తాత రంగంలో వడ్లమిల్లులో పనిచేసేవాడు. రంగూన్‌ని మావైపు రంగం అంటారు. శ్రీకాకుళం జిల్లాలో ఆ రోజుల్లో రంగం వెళ్ళిన మనిషి లేని ఊరు లేదు. పెద్దకొడుకైన మా నాన్నని భూమి చూసుకోమని ఉంచి, చిన్నకొడుకుని చిన్నతనంలోనే వెంట తీసుకుపోయాడు. తాత అక్కడే పోయాడు. చిన్నాన్న అక్కడే పెరిగాడు, అక్కడి పిల్లనే పెళ్ళి చేసుకున్నాడు. తరవాత ఆ దేశంలో మనవాళ్ళ కొట్లూ పనులూ పోయి, జనం ఓడల మీద విశాఖపట్నంలో దిగుతున్న రోజుల్లో, వాళ్ళిద్దరూ ఒక రేకుపెట్టె, ఒక చాపచుట్ట పట్టుకుని మా వాకిట్లో బండి దిగారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు ఉంటాయి.

ఊరు ఊరంతా మా వీధిలోనే ఉంది ఆ రోజు. పిన్ని పొట్టిగా, గుండ్రటి మొహంతో, మగవాళ్ళ లుంగీ లాంటిది పూలపూలది కట్టుకుని, రెండు చెంపల మీదా లేతపసుపు పూత గుండ్రంగా రాసుకుని ఉంది. "మొగాన ముగ్గెట్టుకున్నాదేటే" అని ఎవరో అంటే జనం గొల్లుమన్నారు. ఆమె కూడా నవ్వింది. అందరూ నవ్వుతుంటే మంచిమాటే అయ్యుంటుందని అనుకుంది. ఆమెకి మా ఊరే పరదేశం. మాకు మాత్రం పరదేశపు మనిషి ఆమే. ఇందులో ఉన్న తేడా నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మొదటి నెల నేను ఆమె వేలు వదల్లేదు. మా ఇంటికి ఏనుగు వచ్చినట్టు ఊరంతా తిప్పాను. తరవాత బళ్ళో నా పక్కన కూర్చునే కరణంగారి అమ్మాయి ఒకరోజు పలక తుడుచుకుంటూ, "మీ పిన్ని కప్పల్ని తింటాదంట కదే" అంది. తినదని నాకు తెలుసు. ఎండురొయ్యలు నూరి పచ్చడి చేసుకుంటుంది, దాని వాసన నాలుగిళ్ళవతలకి కొడుతుంది, అంతే. కానీ తినదని చెప్పలేదు. నాకేం తెలుసు అన్నట్టు భుజాలెగరేశాను. ఆ రోజు నుంచి పిన్నితో బయటికి వెళ్తే పదడుగుల వెనక నడిచేదాన్ని.

పిన్నికి వంటింట్లోకి ప్రవేశం లేదు. మా వంటింటి మూల గోడలోనే దేవుడి గూడు, దానికింద అన్నం కుండలు, అంబలి కుండ. ఆమెకి గోత్రం లేదు కాబట్టి పొయ్యి ముట్టుకోకూడదని నాన్న మొదటి రోజే తేల్చేశాడు. చిన్నాన్న పెరటి వసారాలో మూడు ఇటుకలు పెట్టి ఇచ్చాడు. జూటుమిల్లులో పని దొరికి అతను పదిహేను రోజులకొకసారి వచ్చేవాడు. మిగతా రోజులు పిన్ని ఆ ఇటుకల దగ్గరే ఒక్కర్తీ వండుకుని ఒక్కర్తీ తినేది. వానాకాలం రెండు సార్లు ఆ పొయ్యిలోకి నీళ్ళొచ్చి పస్తు పడుకుంది.

ఆమెకి ఆ ఇంట్లో దొరికిన మొదటి తోడు మా మామ్మ. అదీ చుట్ట వల్ల. మావైపు ముసలమ్మలు అడ్డపొగ తాగుతారు, అంటే చుట్ట నిప్పు కొస నోట్లోపల పెట్టుకుంటారు. మామ్మ అలా పెట్టుకోవడం మొదటిసారి చూసి, ముసలిదానికి మతి పోయిందనుకుని పిన్ని ఉరికొచ్చి నోట్లోంచి చుట్ట లాగేసింది. మామ్మ తిట్టబోయి, సంగతి అర్థమై, దగ్గొచ్చేదాకా నవ్వింది. పిన్ని తన పెట్టెలోంచి బొటనవేలంత లావు చుట్ట తీసి, నిప్పు బయటికి ఉండేలా కాల్చి చూపించింది. "నిప్పు బైటెట్టుకుని కాలిస్తే రుసేటి ఉంటాదే దానికి" అంది మామ్మ. ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం పెరటి గట్టు మీద అత్తా కోడళ్ళిద్దరూ ఒకరు నిప్పు లోపల, ఒకరు నిప్పు బయట పెట్టుకుని కూర్చునేవారు. మామ్మకి చెవులు దూరం, పిన్నికి భాష దూరం. అయినా ఏవో మాట్లాడుకుంటూనే ఉండేవారు.

రెండేళ్ళు గడిచాక మామ్మే ఒకరోజు నాన్నని కూర్చోబెట్టింది.

"దీనికి గోత్రం నేదనీసి కదేటి నీ గొడవ. పెళ్ళినాడు పంతులు సెప్పకపోతే ఇప్పుడు దేవుడి కాడ సెప్పిద్దుము. డోలపున్నానికి శ్రీకూర్మం తీసుకెల్లి, అర్చనలో మన పేర్లెనకాల దీని పేరూ పలికించీ. సామి ఇన్నాక కాదనడానికి మనమెవులం. ఆ మర్నాడు నుంచి అది పొయ్యి ముట్టిస్తాది."

నాన్న రెండు రోజులు గింజుకుని సరేనన్నాడు. ఆమె అసలు పేరు మాకెవరికీ నోరు తిరిగేది కాదు. మామ్మ తన తల్లి పేరు తీసి ఆమెకి పెట్టింది. మా ఇంట్లో ఆడపిల్లనైన నాకే దక్కని పేరు అది. పిన్ని రోజూ ఆ పేరు నాచేత పలికించుకుని తనూ అనేది. అర్చనలో ఆ పేరు వినపడగానే దండం పెట్టుకోవాలని చిన్నాన్న చెప్పాడట. "పాపా, గట్టిగా సెప్పు. చిన్నగా సెప్పు. గబగబా సెప్పు" అని రకరకాలుగా అడిగేది. పూజారి ఎలా పలికినా తన పేరు తను గుర్తుపట్టాలని ఆమె ఆరాటం. నాకు విసుగొచ్చి కావాలని ముక్కుతో పలికేదాన్ని.

డోలపున్నమి నాడు తెల్లారకుండానే బండి కట్టారు. చిన్నాన్నకి సెలవు దొరకలేదు. అమ్మ పిన్నికి తన నేత చీర కట్టి, "మొకం కడుక్కోయే" అంది. చెంపల మీద పూత ఇంకా అలాగే ఉంది. "ఉండనీలే, సందనం అనుకుంటారు" అని మామ్మ అడ్డుపడింది. గడ్డి మీద జంపఖానా పరిచిన బండిలో మామ్మ, అమ్మ, అమ్మ ఒళ్ళో తమ్ముడు, నేను, పిన్ని. నాన్న ముందు కూర్చుని తోలుతున్నాడు. గంపలో పులిహోర, బెల్లం గవ్వలు. రెండు కోసుల దారి. జీడిమామిడి తోటల్లో పూత వాసన, పెసర చేలు పీకేసిన నేలలో మట్టి వాసన, మధ్యలో సముద్రపు గాలి. కనపడ్డ ప్రతిదాన్నీ ఇదేటి, అదేటి అని పిన్ని అడుగుతోంది. నేను ఒకదానికి జవాబు చెప్పి, రెండోదానికి నిద్ర నటించాను.

శ్రీకూర్మం చేరేసరికి జాతర మొదలైపోయింది. జీళ్ళు, మరమరాల మురీలు, చెరుకుగడలు, గాజుల దుకాణాలు, పచ్చబొట్లు పొడిచేవాళ్ళు. స్వామి డోలా మండపానికి ఊరేగి, ఉయ్యాల ఊగి తిరిగొచ్చాక అర్చన చేయిద్దామని, ఈలోగా ఆడవాళ్ళని గుడి చూసి రమ్మని నాన్న చెప్పాడు. తను పక్క ఊళ్ళ పెద్దరైతులతో కలిసి పందిరికింద కూర్చున్నాడు.

ఆ గుడిలో అన్ని స్తంభాలున్నాయి, ఒక దాని చెక్కడం ఇంకోదానికి రాదు. పిన్ని ఒక్కొక్క స్తంభం దగ్గరా ఆగి అరచెయ్యి ఆనించి చూసింది. ప్రదక్షిణ దారిలో గోడల మీద బొమ్మలు చూస్తూ ఎంతసేపటికీ కదలదు. వెనక్కి వెళ్తే తాబేళ్ళు. చిన్నవీ పెద్దవీ, వీపు మీద పసుపు చారలతో, ఆకుకూర నములుతున్నాయి. పిన్ని గబుక్కున నేల మీద మోకాళ్ళు ఆనించి కూర్చుంది.

"మా దేశం గుడిలో కూడా తాబేలు ఉన్నాది. తిండి పెడతాం. పుణ్యం" అంది. నావైపు తిరిగి అడిగింది, "ఇక్కడ లోపల దేవుడు కూడా తాబేలే?"

అవునన్నాను. కూర్మావతారం అంటే అదే కదా.

ఆమె మొహం వెలిగిపోయింది. రెండేళ్ళుగా మా దేశంలో ఆమెకి తెలిసిన మొదటి చుట్టం ఆ తాబేలే అనిపించి ఉండాలి. తోటకూర కట్ట కొని, ఒక్కొక్క ఆకూ తుంచి పెడుతూ వాళ్ళ భాషలో వాటితో మాట్లాడింది. అప్పుడే కరణంగారి అమ్మాయి పట్టులంగా కట్టుకుని వాళ్ళమ్మతో అటు వచ్చింది. పిన్నిని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను నాలుగడుగులు పక్కకి జరిగి, ఆ పిల్ల పక్కన నిలబడి, నేను కూడా ఎవరో పరాయిమనిషిని చూస్తున్నట్టు పిన్నిని చూశాను.

స్వామి డోలా మండపం చేరేసరికి బుక్కాగుండ, అంటే రంగుపొడి, గాల్లోకి లేచింది. ఎర్రటి వసంతం నీళ్ళు బిందెల్లో కలిపి జనం ఒకరిమీద ఒకరు చల్లుకుంటున్నారు. దానికో పద్ధతి ఉంది. బావా మరదళ్ళు, వదినా మరుదులు, సరసం చెల్లే వరసలవాళ్ళే పోసుకోవాలి. తమ్ముడి భార్యకి మాత్రం భర్త అన్నగారు దేవుడితో సమానం. మావైపు ఆమె ఆయన ఎదట పడకూడదు, ఆయన నీడ తొక్కకూడదు. పిన్ని ఆ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి నాన్న వస్తుంటే గోడవైపు తిరిగి నిలబడేది. అది ఎందుకో ఎవరూ చెప్పలేదు. అమ్మ భుజం పట్టి తిప్పితే తిరగడం నేర్చుకుంది, అంతే.

మామ్మా అమ్మా తమ్ముణ్ణి నిద్రపుచ్చుతూ ఒక నీడన కూర్చున్నారు. నేనూ కరణంగారి అమ్మాయీ వసంతాలు చూస్తుంటే పిన్ని నా పక్కకి వచ్చింది. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి.

"పాపా, ఇది మా దేశంలో కూడా ఉన్నాది. కొత్త సంవత్సరం. అందరూ నీళ్ళు. పెద్దవాళ్ళకి భుజం మీద, ఆకుతో, కొంచెం. దండం పెట్టి పోస్తాం. ఇక్కడ కూడా పెద్దవాళ్ళకి పొయ్యొచ్చా?"

కరణంగారి అమ్మాయి నా నడుం మీద గిల్లింది. ఆ గిల్లుడికి అర్థం నాకు తెలుసు. పిన్నికి తెలియదని కూడా తెలుసు. నేను చెప్పాను.

"పొయ్యొచ్చు. ముందు పెద్దోలకే పొయ్యాల. నాన్నకి పొయ్యి."

"కోపం రాదు?"

"రాదు. ఎవులూ పొయ్యకపోతేనే వస్తాది."

ఇప్పటికీ ఈ వాక్యం దగ్గరికొస్తే నా చెయ్యి ఆగిపోతుంది. మొదటిది పిల్లచేష్ట అనుకోవచ్చు. ఆమె మళ్ళీ అడిగింది కదా, అప్పుడైనా ఊరుకోవచ్చు కదా. మళ్ళీ అడిగినా అంత తడుముకోకుండా అంత చక్కటి అబద్ధం నా నోటికి ఎలా వచ్చిందో.

పిన్ని రంగునీళ్ళు ముట్టుకోలేదు. కుళాయి దగ్గరికి వెళ్ళి మా ఇత్తడి చెంబు కడిగి మంచినీళ్ళు పట్టింది. తోరణంలోంచి రాలిన మామిడి రెమ్మ ఒకటి ఏరుకుంది. చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని, చెప్పులు దూరంగా విడిచి, పందిరికింద మగవాళ్ళ మధ్యలోంచి వంగి వంగి నడుచుకుంటూ వెళ్ళింది. నాన్న ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, రెమ్మ నీళ్ళలో ముంచి, ఆయన కుడిభుజం మీద మూడుసార్లు విదిలించింది. చెంబు కింద పెట్టి, నుదురు నేలకి ఆనించి మొక్కింది.

పందిరికింద తలలన్నీ ఇటు తిరిగాయి. నాన్న ఖద్దరు చొక్కా భుజం మీద అరచేతంత తడి. అప్పుడు ఎవరో అన్నారు, "ఓరి నీ ఇల్లు బంగారంగాను, తమ్ముడి పెళ్ళాం నీతోటి వసంతాలాడతన్నాదేట్రా" అని. ఇంకెవరో, "రంగం పద్ధతి గావాల" అన్నారు. పదిహేనిరవై మంది మగవాళ్ళు ఒక్కసారి నవ్వారు. పిన్ని తలెత్తి చూసి, అందరూ నవ్వుతున్నారని తనూ నవ్వింది.

నా పక్కన కరణంగారి అమ్మాయి పడీ పడీ నవ్వుతోంది. నాకు నవ్వు రాలేదు. నాన్న మొహం అలా అవడం నేనెప్పుడూ చూడలేదు. కోపం అయితే నాకు తెలుసు. ఇది ఏడవబోయే మగవాడి మొహం. ఆయన లేచి, భుజం తుడుచుకోకుండా, ఎవరివైపూ చూడకుండా బండి దగ్గరికి నడిచాడు.

జరిగింది అమ్మకి ఎవరో చెప్పారు. మామ్మకి ఎవరూ చెప్పలేదు. ఆమెకి వినపడేలా చెప్పాలంటే ఊరంతా వినాలి. "సామి తిరిగొచ్చీసాడు, అర్చనకి పదండి" అని ఆ ముసలామే అందరినీ లోపలికి తోసింది.

గర్భగుడి ముందు తొక్కిడి. నాన్న ముందు, ఆయన వెనక మామ్మ, అమ్మ, నేను, పిన్ని. పూజారి గోత్రం అడిగితే నాన్న చెప్పాడు. పేర్లు చెప్పాడు. తనది, మామ్మది, అమ్మది, తమ్ముడిది, నాది, చిన్నాన్నది. ఒక్కోటీ పూజారి పలుకుతున్నాడు. పిన్ని నా భుజం మీద చెయ్యి వేసి, మునివేళ్ళ మీద లేచి నాన్నవైపే చూస్తోంది. చిన్నాన్న పేరు రాగానే చెయ్యి తీసి రెండు చేతులూ జోడించింది. తరవాతది తనదే కదా.

"ఇంకా ఎవరైనా ఉన్నారా?" అన్నాడు పూజారి.

"అంతే" అన్నాడు నాన్న.

పూజారి పక్కవాళ్ళ గోత్రం అడగడానికి తిరిగాడు. పిన్ని చేతులు జోడించే ఉంది. హారతి వెళ్ళిపోయింది, తీర్థం ఇచ్చారు, వెనకవాళ్ళు మమ్మల్ని తోసుకుంటూ బయటికి నెట్టారు. అప్పుడు ఆమె చేతులు దించింది.

బండి ఎక్కేముందు నా పక్కకి వచ్చి మెల్లిగా అడిగింది. "పాపా, నా పేరు సెప్పాడా? నాకు వినపడలేదు. చాలా గోల."

లేదంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకంటే నీళ్ళు పోశావు కనక. నీళ్ళు నువ్వే కదా పొయ్యమన్నావు అంటుంది. ఆ మాట నాన్న చెవిన పడితే చింతబరికె నా వీపు మీద విరుగుతుంది. ఈ లెక్కంతా ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగింది. ఆమె గురించి మాత్రం ఒక్క ముక్క కూడా తిరగలేదు.

"సెప్పాడు. నాను ఇన్నాను. బాజాల్లో నీకు ఇనబడనేదు" అన్నాను.

పిన్ని నా తలమీద చెయ్యి పెట్టి నిమిరింది. దారి పొడుగునా ఇదేటి, అదేటి అని అడగలేదు. మురీలు తినమంటే వద్దని తల ఊపింది. నాన్న ఎడ్లని ఎన్నడూ లేనట్టు కొడుతున్నాడు.

మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి వంటింట్లోంచి పొగ వస్తోంది. అమ్మ ఇంకా పెరట్లో పేడ ఎత్తుతోంది. వెళ్ళి చూస్తే పిన్ని తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఊదుగొట్టంతో ఊదుతోంది. పొయ్యి మీద కుండలో అంబలికి చోడిపిండి కలిపింది. దేవుడి గూట్లో దీపం వెలుగుతోంది. అదీ ఆమే పెట్టింది. నన్ను చూసి నవ్వింది.

పొలానికి బయలుదేరుతూ నాన్న నా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఎవులు రమ్మన్నారు దీన్ని లోపలికి?"

అమ్మ పరుగున వచ్చింది. మామ్మ కర్ర పోటేసుకుంటూ వచ్చి, "ఏట్రా అరుపులు, నానే సెప్పాను కదా, పేరు పిలిసారు, మరేటి" అంది.

"పిలవనేదు" అన్నాడు నాన్న. మామ్మ చెవి దగ్గర వంగి గట్టిగా అన్నాడు. "నానే పిలిపించనేదమ్మా. పదిమందిలో నా మీద నీల్లు పోసి నా పరువు తీసీసింది. దాని పేరు నా నోట ఎలాగొస్తాది?"

మామ్మ నాన్ననీ పిన్నినీ మార్చి మార్చి చూసింది. తరవాత పిన్నిని అడిగింది, "పేరు పిలిసారని నీకెవులు సెప్పారే?"

పిన్ని నావైపు చూసింది. నేను అమ్మ కొంగు వెనక ఉన్నాను. ఆ చూపు ఎంతసేపు ఉందో చెప్పలేను. బతికిన ఇన్నేళ్ళూ అది నా మీద ఉన్నట్టే ఉంది. తరవాత కళ్ళు దించుకుని, "నానే అనుకున్నాను" అంది.

"మరి నీల్లు పొయ్యమని ఎవులు సెప్పారు?" మామ్మే మళ్ళీ అడిగింది.

"మా దేశం పద్ధతి" అంది. ఊదుగొట్టం గోడకి ఆనించి, లేచి, నాన్న కనపడకుండా గోడవైపు తిరిగి, అలాగే పక్కకి నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయింది.

వంటింట్లో కుండలన్నీ తీసి పారెయ్యమన్నాడు నాన్న. అమ్మ ఏడుస్తూనే ఒక్కొక్కటీ పెరట్లోకి మోసింది. నన్నూ సాయం పట్టమంది. అంబలి కుండ నా చేతికిచ్చింది. లోపల పిండి ఇంకా గోరువెచ్చగా ఉంది. పిన్ని తన మూడు ఇటుకల దగ్గర కూర్చుని చూస్తుండగా దాన్ని గట్టుకేసి కొట్టాను.

ఆదివారం చిన్నాన్న వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ చాలా మాటలనుకున్నారు. "ఎవరైనా నీకు చెప్పారా, చెప్పు" అని చిన్నాన్న పిన్నిని గుచ్చి గుచ్చి అడిగాడు. ఎవరూ చెప్పలేదంది. సాయంత్రానికి ఆ రేకుపెట్టె, ఆ చాపచుట్ట మళ్ళీ వీధిలోకి వచ్చాయి. మామ్మ తన చుట్టల కట్ట తెచ్చి పిన్ని చేతిలో పెట్టింది. తరవాత ఆ గట్టు మీద ఒక్కర్తీ కూర్చోలేక చుట్ట మానేసింది. మామ్మ పోయినప్పుడు చిన్నాన్న వచ్చి పాడె మోశాడు కానీ మా ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు. అన్నదమ్ములు మళ్ళీ మాట్లాడుకోకుండానే నాన్న కూడా వెళ్ళిపోయాడు. రెండు మాటలతో, అదీ పదేళ్ళప్పుడు, నేను ఒక ఇంటిని రెండు చేశాను. ఎవరికీ నామీద అనుమానం కూడా రాలేదు. బుద్ధిమంతురాలైన పిల్లనని అందరూ అనేవారు.

నాన్న సంవత్సరీకం అయిన తరవాత, ఇద్దరు పిల్లల తల్లినయ్యాక, విశాఖపట్నంలో పిన్ని ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. చెప్పెయ్యాలని గట్టిగా అనుకునే వెళ్ళాను. బస్సులో మాటలు కూడబలుక్కున్నాను. రంగం నుంచి వచ్చినవాళ్ళంతా ఉండే పేటలో చిన్న పెంకుటిల్లు. చిన్నాన్న డ్యూటీలో ఉన్నాడు. పిన్ని నన్ను చూడగానే గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, ఎక్కడో కాదు, వంటింట్లోనే పొయ్యి పక్కన పీట వేసి కూర్చోబెట్టింది. ఆమె తెలుగు ఇప్పుడు మా ఊరివాళ్ళ తెలుగుకంటే చిక్కగా ఉంది. నేను ఎలా మొదలుపెట్టాలో తెలియక ఉన్నట్టుండి అనేశాను.

"పిన్నీ, ఆ రోజు గుడిలో నీ పేరు పిలిచారని చెప్పాను. పిలవలేదు. నాకు తెలుసు."

చేపముక్క తిరగేస్తూ "నాకూ తెలుసు" అంది.

నేను పీట మీంచి తలెత్తి చూశాను.

"మీ నాన్న నోరే సూస్తన్నాను కదే ఆయేళ. బాస రాపోతే మాత్తరం, మూసుకున్న నోరు తెలీదేటి."

"మరి వంటింట్లోకి ఎందుకెళ్ళావు?"

పిన్ని గరిటె పక్కన పెట్టి నావైపు తిరిగింది.

"నువ్వు సెప్పావు కదా. అంత సిన్న గుంట, నా మనసు కష్టపడిపోతాదనీసి అబద్దమాడింది అనుకున్నాను. ఈ ఇంట్లో నన్ను తమ మనిసి అనుకున్నది మీ మామ్మొకర్తే కాదు, ఇంకొకర్తి ఉన్నాది అనుకున్నాను. ఆ దైర్నంతోటే ఎల్లాను. నేపోతే ఎల్దునేటి."

"నీళ్ళు పొయ్యమన్నదీ నేనే కదా."

"నీకేటి తెలుస్తాదే అప్పుడు. నాను అడిగాను, నువ్వు సెప్పావు. ఇద్దరం తెలీనోలమే. నిన్ను సెప్పీస్తే మీ నాన్న సంపీసును. సెప్పకపోడమే మంచిదయ్యింది." నా గడ్డం పట్టుకుని, "ఇన్నేళ్ళూ అది మనసులో ఎట్టుకున్నావేటే, పిచ్చి గుంట" అంది.

అప్పుడు చెప్పాలి. నాకు అంతా తెలుసు పిన్నీ, తెలిసే పొయ్యమన్నాను, ఆ అబద్ధం నీకోసం కాదు, నా వీపు కోసం ఆడాను అని చెప్పాలి. దానికే కదా బస్సెక్కి అంతదూరం వెళ్ళింది. నోరు తెరిచాను కూడా. ఆమె మొహం చూశాను. ఈ దేశం వచ్చాక తనకి దొరికిన ప్రేమల్లో ఒకటిగా ఆమె నన్ను దాచుకుంది. నిజం చెబితే అది పోతుంది. ఆమె కోసం చెప్పలేదని అనుకుంటే నాకు బాగానే ఉంటుంది. కానీ అదీ నిజం కాదు. ఆమె నన్ను అలా చూస్తుంటే నాకు బాగుంది, అందుకే చెప్పలేదు.

పళ్ళెంలో అన్నం పెట్టి, చేపల పులుసు పోసి, పక్కన ఎండురొయ్యల పచ్చడి వేసింది. కలుపుకుని తిన్నాను. మారు కూడా అడిగి వేయించుకున్నాను.